కారు కదలకుండా చేసింది నేనే

చాలా ఏళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. అది బరువని మొదట్లో తెలియలేదు. నెత్తిన బిందె ఉన్నంతసేపూ మెడ దానికి అలవాటు పడిపోతుంది చూడండి, అలాంటిదే. ఎవరైనా మా ఆయన గురించి మాట్లాడుతూ "పాపం, మస్తాను" అన్నప్పుడు మాత్రం తెలుస్తుంది. అప్పుడు నేను ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోతాను. లోపల పనేమీ ఉండదు. ఆ మాటలు అయిపోయేదాకా గోడ దగ్గర నిలబడి, మళ్ళీ బయటికి వస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను. ఊరి పేరు రాయను. పర్చూరుకీ చీరాలకీ మధ్య నల్లరేగడిలో ఉన్న ఊళ్ళలో ఒకటనుకోండి. మిగతాది జరిగింది జరిగినట్టు రాస్తాను. వీలైనంతవరకూ. తనను తాను కాస్త మంచిగా చూపించుకునే గుణం మనిషికి ఎక్కడికి పోతుంది? అది కనిపించిన చోట మీరే గుర్తుపట్టండి.

మేం ముస్లింలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఆయన మస్తాన్ కిరాయి కారు నడిపేవాడు. తెల్ల అంబాసిడర్, డీజిల్‌ది, ఎవరో వాడి అమ్మేస్తే కొన్నాడు. తొంభైల చివర మా చుట్టుపక్కల ఊళ్ళలో కారంటే అదే. చీరాలలో రైలెక్కాలన్నా, రోగిని గుంటూరు తీసుకెళ్ళాలన్నా, చీమకుర్తి క్వారీలకి వచ్చిన పెద్దమనుషుల్ని తిప్పాలన్నా మస్తాను బండికే కబురొచ్చేది. "వాడు పొద్దున్నే వస్తానంటే కోడి కంటే ముందొస్తాడు" అనేవారు. ఆ మాటంటే ఆయనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా వైపు చలి ఏమంత చలి కాదు. భయపెట్టేది మంచు. కార్తీకం దాటిందంటే కాలవల మీద నుంచీ, తడిపెట్టిన మిరప తోటల మీద నుంచీ తెల్లవారుజామున మంచు లేస్తుంది. పక్క సాలులో నడిచే మనిషి దగ్గు వినపడుతుంది తప్ప మనిషి కనపడడు. ఆ మంచులోనే పత్తి లోడు ట్రాక్టర్లు, రాళ్ళ లారీలు, బస్సులు అన్నీ ఆ సన్న రోడ్ల మీద తిరగాలి.

మా ఆయన దీపావళి వెళ్ళగానే దీనికి సిద్ధమయ్యేవాడు. కిరాయి లేని రోజు చూసి, బండిని ఇంటి వెనక రేకుల షెడ్డు ముందు పెట్టి, లుంగీ ఎగ్గట్టి మొదలుపెట్టేవాడు. వైపర్ల రబ్బర్లు మార్చేవాడు. ముందు అద్దాన్ని తడిగుడ్డతో, ఆ తర్వాత పాత పేపరుతో కీచుమనేదాకా తుడిచేవాడు. పొగాకు ముక్క తడిపి అద్దం బయటి వైపంతా రుద్దేవాడు. అలా రుద్దితే మంచు చుక్కలు కట్టకుండా జారిపోతుందని. లోపలి వైపు ఆవిరి పట్టకుండా పొడి సబ్బు రాసి మళ్ళీ తుడిచేవాడు. బంపరు మీద, కిందగా, రెండు పసుపు లైట్లు బిగించేవాడు. పెద్ద లైట్ల చూపు కాస్త నేలకి వంచేవాడు. మంచులో లైటు పైకి కొడితే తెల్లగోడ కనపడుతుందనీ, కిందికి కొడితేనే రోడ్డు కనపడుతుందనీ చెప్పేవాడు. అన్నిటికంటే ఎక్కువసేపు బ్యాటరీ దగ్గర కూర్చునేవాడు. డిస్టిల్డ్ వాటర్ పోసి, వైర్లు తగిలించే చోట పట్టిన తెల్లటి బూజుని వేణ్ణీళ్ళతో కడిగి, గ్రీజు రాసేవాడు. డీజిల్ బండికి పొద్దున్నే ఇంజను అందుకోవాలంటే లోపల చిన్న హీటర్లు వేడెక్కాలి. వాటికి బ్యాటరీయే దిక్కు. చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అందుకని చలికాలంలో బండి ప్రాణం అక్కడే ఉంటుందనేవాడు.

ఆ పనిలో నాకూ వాటా ఉండేది. నేను డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు నొక్కాలి. ఆయన వెనక నిలబడి ఎర్ర లైట్లు చూసుకునేవాడు. "నొక్కు. వదులు. ఇంకోసారి నొక్కు." మనకి రోడ్డు కనపడటం ఒక ఎత్తు, వెనకొచ్చేవాడికి మనం కనపడటం ఒక ఎత్తు అనేవాడు. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదేనేమో. ఎదురుగా అద్దంలో మిరప చేలు, వెనక నుంచి ఆయన గొంతు.

రోజూ బండి ఇంటికొచ్చాక దాని మీద పాత గోనె పట్టాలు కప్పడం కూడా నా పనే. ఇంజను మీద నుంచి ముందు లైట్లు మూసుకుపోయేలా బంపరు దాకా కప్పి, తాడుతో కట్టేదాన్ని. పొద్దున్నే ఆయన లేచేసరికి విప్పేదాన్ని.

ఇప్పుడు భయం సంగతి చెప్పాలి. నేను ఆ పని చేయడానికి ముందటి చలికాలంలో శేషగిరి అని ఇంకో కారు డ్రైవరు హైవే మీద మంచులో చనిపోయాడు. మా ఆయనా అతనూ చీరాల స్టేషను దగ్గర పక్కపక్కన బండ్లు పెట్టుకునేవాళ్ళు. ఆగి ఉన్న లారీ కనపడక వెనక నుంచి గుద్దేశాడు. మేం చూడటానికి వెళ్ళాం. శేషగిరి భార్య అప్పటికి ఏడవడం ఆపేసింది. దండెం మీద ఆరేసిన అతని ఖాకీ చొక్కా ఇంకా తడిగానే ఉంది. ఆమె మాటిమాటికీ లేచి, అది ఆరిందా లేదా అని పట్టుకు చూస్తోంది. వచ్చేటప్పుడు దారంతా నేను మా ఆయన చొక్కానే చూస్తూ కూర్చున్నాను.

అప్పటి నుంచి మంచు పడితే ఆయన తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేదాన్ని. వెళ్ళొద్దని చెప్పాను. బతిమాలాను. అలిగాను. ఆయన నవ్వేవాడు. మా పాపకి అప్పుడు మూడేళ్ళు.

ఆ ఏడు రంజాను ఒక్కపొద్దులు చలికాలంలో పడ్డాయి. ఊళ్ళో కోటయ్య అని కౌలు రైతు ఉండేవాడు. మా ఆయన ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. కోటయ్య కూతురు పద్మ ఇంటర్ పాసైంది. నర్సు ట్రైనింగులో సీటుకి ఒంగోలులో ఇంటర్వ్యూకి రమ్మని పిలుపొచ్చింది. మంచుకాలంలో మొదటి బస్సు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదని కోటయ్య ముందుగానే మా బండి మాట్లాడుకున్నాడు. ఆ పిల్లకి వయసు లెక్కలో అదే ఆఖరి అవకాశమట. మా ఆయనే చెప్పాడు.

ముందురోజు సాయంత్రం ఒక్కపొద్దు విడిచాక నేను మళ్ళీ అందుకున్నాను. రెండ్రోజులుగా మంచు మరీ దట్టంగా ఉంది, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పమన్నాను.

"మంచుకేగా బండిని ఇంత తయారుచేసింది" అన్నాడు ఆయన. ఆ తర్వాత, ఖర్జూరం గింజ పళ్ళెంలో పెడుతూ, "ఆ పిల్లని చూడు, పట్టుపట్టి చదివింది. నువ్వూ ఆ పదో తరగతి మళ్ళీ రాసుంటే బాగుండేది" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. మామూలుగా అన్నాడు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. రెండోసారి రాయనివ్వలేదు మా వాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. పళ్ళేలు తీసి కడిగాను. గోనె పట్టాలు కప్పడానికి షెడ్డులోకి వెళ్ళాను.

పట్టాలు రెండు వరసలుగా వేశాను. తాడు కట్టాను. ఆ తర్వాత తలుపు తీసి, లోపలికి వంగి, ముందు లైట్ల స్విచ్చు లాగాను. పట్టాల కింద లైట్లు వెలిగాయి. బయటికి ఏమీ కనపడలేదు. దగ్గరగా వెళ్ళి చూస్తే గోనె పోగుల మధ్య సూది మొనంత వెలుగు. తలుపు మెల్లగా వేసి ఇంట్లోకి వచ్చాను. అంతే. ఇంత చిన్న పని. పాపని నిద్రపుచ్చి, నేనూ పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

భయంతోనే చేశానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. భయం నిజమే. శేషగిరి చొక్కా నిజమే. కానీ పద్మ కాకుండా వేరే ఎవరైనా, కాన్పుకి వెళ్ళే మనిషో, ముసలాయనో ఆ బండిలో వెళ్ళాల్సి ఉంటే ఆ స్విచ్చు మీద నా చెయ్యి పడేదా? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న చుట్టూ తిరిగాను. పడేదేమో అని కొన్నాళ్ళు నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. భయం ఎప్పటినుంచో ఉంది, ఎన్ని మంచు పొద్దుల్లోనో ఆయన్ని పంపించి దువా చేసుకుంటూ కూర్చున్నాను తప్ప బండి జోలికి పోలేదు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం భయంతో పాటు ఇంకొకటి తోడైంది. దాని పేరు రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్లకి ఒక రోజు చెడాలని అనిపించింది. ఒక్క రోజే. అంతకంటే ఎక్కువ కోరుకోలేదు. దాన్ని తక్కువ అనొచ్చా?

తెల్లారకముందు తినే సహరీకి నేనే ముందు లేచాను. షెడ్డులోకి వెళ్ళి పట్టాలు ఎత్తి చూస్తే లైట్లు ఆరబోయే బొగ్గుల్లా ఎర్రగా ఉన్నాయి. స్విచ్చు లోపలికి నొక్కాను. అన్నం తిన్నాం. ఆయన నమాజు చేసుకుని, మఫ్లరు చుట్టుకుని బయటికొచ్చాడు. మంచు అప్పటికి మా వాకిలి దాకా వచ్చేసింది. తాళం తిప్పితే బండి టక్కుమని ఒక చప్పుడు చేసి ఊరుకుంది. ఆయన మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు. ఆయన మొహంలో కోపం లేదు. అర్థం కానితనం ఉంది. బానెట్టు ఎత్తి వైర్లు కదిపాడు, బిగించాడు, బ్యాటరీ మూతలు విప్పి నీళ్ళు చూశాడు. అన్నీ ఆయన పెట్టినట్టే ఉన్నాయి.

ముందు మాటలు వినపడ్డాయి, ఆ తర్వాత మంచులోంచి కోటయ్య, పద్మ బయటికొచ్చారు. పద్మ కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుంది. సర్టిఫికెట్ల కవరు మంచుకి తడవకుండా శాలువా లోపల గుండెకి అదుముకుని పట్టుకుంది.

"ఏరా మస్తానూ, బానెట్టు ఎత్తావేందిరా?" అన్నాడు కోటయ్య.

"బ్యాటరీ దిగిపోయింది బాబాయ్. ఎట్టా దిగిందో తెలవటంలా. మొన్ననేగా చార్జింగు పెట్టించా."

"నీ బండి మీద నమ్మకంతో బస్సు సంగతే అనుకోలేదు గదరా!"

"తోస్తే అందుకుద్దేమో చూద్దాం, పట్టు బాబాయ్."

ఇద్దరూ తోశారు. పక్కింటి అతను కూడా వచ్చి చెయ్యి వేశాడు. మంచుకి తడిసిన నల్లమట్టి మీద టైర్లు జారాయి. వేగం రాలేదు. బండి రెండుసార్లు దగ్గి, తెల్ల పొగ వదిలి, సందు మలుపులో ఆగిపోయింది.

పద్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ పిల్ల నన్ను వదినా అని పిలిచేది.

"కాసిని మంచినీళ్ళియ్యి వదినా. నోరు ఎండిపోతంది."

ఇచ్చాను. ఒక్క గుక్కలో తాగేసింది.

"పోలేనేమో వదినా."

"ఏం కాదులే. బస్సొస్తది."

"ఒంగోలు పోయేసరికి ఎంత పొద్దెక్కుద్దో. పేర్లు పిలిచేప్పుడు లేకపోతే పక్కన పెట్టేస్తారంట."

నేను గ్లాసు వెనక్కి తీసుకున్నాను.

ఇంతలో మా ఆయన మంచులోంచి అరిచాడు. "ఏమే! వెంకటేశ్వర్లు ట్రాక్టరు ఇంటికాడ ఉందా? దాని బ్యాటరీ తెచ్చి తగిలిస్తే సరిపోద్ది!"

వెంకటేశ్వర్లు ఇల్లు మా వెనక సందులో. ముందురోజు పొద్దున అతని ట్రాక్టరు పత్తి వేసుకుని వెళ్ళడం అందరూ చూశారు. చీకటి పడ్డాక అది తిరిగి రావడం నేను విన్నాను. పళ్ళేలు కడుగుతూ విన్నాను, ఆయన అప్పుడు మసీదులో ఉన్నాడు.

"నిన్న పత్తేసుకుని పోయింది గదా. ఇంకా రాలా" అన్నాను.

స్విచ్చు లాగింది సాయంత్రం. కోపంలో, భయంలో. దాన్ని ఏదో విధంగా ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పుకోవచ్చు. ఈ మాట అన్నది మాత్రం ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి ఉంటే, ఒక్కపొద్దు నోటితో. ఎందుకన్నాను? ట్రాక్టరు బ్యాటరీతో బండి కదిలితే, లోపం బండిలో లేదని, మా బ్యాటరీయే దిగిందని తేలిపోయి, అది ఎందుకు దిగిందా అని ఆయన వెతుకుతాడని భయపడ్డాను. అంటే అప్పటికి ఆయన ప్రాణం కోసం కాదు, నా తప్పు దాచుకోవడం కోసం అబద్ధం ఆడుతున్నాను. ఇంత త్వరగా మారిపోయింది.

కోటయ్య ఇక ఆగలేదు. ఇంటికెళ్ళి తన మోపెడ్ తీసుకొచ్చాడు. దాని ముందు లైటు దీపంలా గుడ్డిగా వెలుగుతోంది. వెనక లైటు లేనే లేదు.

"బాబాయ్, ఈ మంచులో దీని మీద వద్దు. నా మాటిను. కాసేపాగి చూద్దాం" అన్నాడు మా ఆయన.

"ఆగితే దీని బతుకు ఆగిపోద్దిరా. హైవే దాకా పోతే ఏదోక బండి దొరక్కపోదు."

పద్మ వెనక కూర్చుంది. కవరు వాళ్ళ నాన్న వీపుకీ తన గుండెకీ మధ్య పెట్టుకుంది. నాకేసి చూసి తల ఊపింది, వెళ్ళొస్తానని. అప్పుడు కూడా చెప్పొచ్చు. ట్రాక్టరు వచ్చిందేమో చూసొస్తానని అన్నా సరిపోయేది, ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. మోపెడ్ శబ్దం చాలాసేపు వినపడింది. మంచులో శబ్దాలు దూరం దాకా వస్తాయి.

హైవే ఎక్కే చోట పత్తి ట్రెయిలరు ఒకటి టైరు పంక్చరై ఆగి ఉంది. వెనక ఏ లైటూ లేదు. కోటయ్య దాన్ని ఆఖరి క్షణంలో చూసి పక్కకి తిప్పాడట. పద్మ కాలవ గట్టు మీద పడింది. మోచేతులు చెక్కుకుపోయాయి, అంతకుమించి ఏమీ కాలేదు. కోటయ్య కుడి కాలు ట్రెయిలరు ఇనుప కొనకీ మోపెడ్‌కీ మధ్య నలిగింది.

కబురు వచ్చేసరికి మంచు విడిపోయింది. ఎండ తెల్లగా కాస్తోంది. మా ఆయన వెంకటేశ్వర్లు ఇంటికి పరిగెత్తాడు, ట్రాక్టరు వచ్చి ఉంటుందేమోనని. వాకిట్లోనే ఉంది. దాని బ్యాటరీతో మా బండి ఒక్క తిప్పుకే అందుకుంది. కోటయ్యని అందులోనే గుంటూరు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక నన్ను అడిగాడు, ట్రాక్టరు రాత్రే వచ్చిందట గదా అని. నాకు తెలియదన్నాను. నా మొహంలోకి కాసేపు చూశాడు. నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది.

కోటయ్య కాలు తీసేయలేదు గానీ, నిలవలేదు. ఎన్ని ఆపరేషన్లు చేసినా మోకాలు వంగలేదు. కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు. ఆ సీటు ఇంకెవరికో వెళ్ళింది. మరుసటి ఏడు పద్మ వయసు దాటిపోయింది. తండ్రి మంచం మీద ఉంటే కౌలు పొలం ఆ పిల్లే చూసుకుంది. మందు కొట్టించడం, మిరపకాయలు కోయించడం, కల్లంలో ఆరబెట్టించడం, బస్తాలు గుంటూరు యార్డుకి తోలడం, అన్నీ నేర్చుకుంది. పెళ్ళి ఆలస్యమైంది. చేసుకున్నవాడు ఇల్లరికం వచ్చాడు. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఆమెని గౌరవంగానే చూస్తారు. చెడిపోయిన బతుకని ఎవరూ అనరు. నేను కూడా కొన్నిసార్లు ఆ మాట పట్టుకుని వేలాడాలని చూశాను. బాగానే ఉందిగా అని. కానీ ఆమె ఎంచుకున్న బతుకు అది కాదు. ఆమె బదులు నేను ఎంచాను.

మా ఆయన మారిపోయాడు. బ్యాటరీ చార్జింగు పెట్టిన బాషా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. సరిగా పెట్టలేదని అతనితో బజార్లో గొడవపడ్డాడు. "అల్లా మీద ఒట్టు, నిండుగా ఎక్కించానురా" అన్నాడట బాషా. వినలేదు. ఇద్దరికీ మాటలు పోయాయి. కొన్నాళ్ళకి బాషాని వదిలేసి తనని తాను పట్టుకున్నాడు. చూసుకోవాల్సింది నేను, రాత్రి ఒకసారి స్టార్టు చేసి పడుకోవాల్సింది, అని ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. కోటయ్యని ఆస్పత్రికి తిప్పిందంతా ఆయనే. కోటయ్య ఒక్క మాట కూడా అనలేదు. "నీ తప్పేముందిరా, యంత్రం యంత్రమే గదా" అనేవాడు. ఆ మాట ఆయన్ని ఇంకా కుంగదీసేది.

ఆ తర్వాత దీపావళులకి కూడా బండిని మంచుకి సిద్ధం చేశాడు. కానీ అందులో ఆనందం పోయింది. ఒక పని అయ్యాక వెనక్కి వచ్చి మళ్ళీ చేసేవాడు. బిగించిన నట్టే విప్పి బిగించేవాడు. నేను బ్రేకు నొక్కేదాన్ని. ఆయన వెనక నుంచి ఏమీ అనకుండా చాలాసేపు నిలబడేవాడు. వదలాలో వద్దో తెలియక కాలు అలాగే పెట్టి ఉంచేదాన్ని. మెల్లగా మంచు పొద్దుల్లో కిరాయిలు ఒప్పుకోవడం మానేశాడు. ఎండెక్కాక వస్తాననేవాడు. అలాంటి డ్రైవరుని ఎవరు పిలుస్తారు? ఊళ్ళో కొత్త బండ్లు వచ్చాయి. ఆయన అంబాసిడర్ అమ్మేసి కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు.

నేను కోరుకున్నది నాకు దొరికిందన్న మాట. ఆయన మంచులోకి వెళ్ళడం మానేశాడు.

తర్వాత కొన్నేళ్ళకి కిడ్నీల జబ్బుతో మంచాన పడ్డాడు. వేసవి. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే, కళ్ళు మూసుకునే అన్నాడు.

"బాబాయ్ కాలు నా వల్లే పోయింది గదే."

"నీ వల్ల కాదు" అన్నాను.

"మరెవరి వల్ల?"

గుడ్డ నా చేతిలోనే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పాప పక్కింటికి వెళ్ళింది. అడిగినవాడు నా భర్త, వినడానికి సిద్ధంగా ఉన్నాడు. చెబితే తిట్టేవాడేమో, ఏడ్చేవాడేమో, మొహం తిప్పుకునేవాడేమో. కానీ తేలికపడేవాడు. అది నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు.

"మంచు వల్ల" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ వేసవి దాటలేదు. అంత్యక్రియలప్పుడు బాషా జనాజా నమాజుకి వచ్చి, ఒక మూల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఎన్ని రంజాన్లు గడిచాయో. ప్రతి ఏడూ తౌబా చేసుకుంటాను, అల్లాని క్షమాపణ అడుగుతాను. ఒకసారి మసీదు మైకులో హజరత్ గారు చెబుతుంటే విన్నాను. దేవుడికి చేసిన తప్పుని దేవుడు క్షమిస్తాడంట. మనిషికి చేసిన తప్పుని ముందు ఆ మనిషి క్షమించాలంట. బియ్యం ఏరుతూ విన్నాను. చాట పక్కన పెట్టేసి, ఆ మధ్యాహ్నమే పద్మ దగ్గరికి బయల్దేరాను.

పద్మ కల్లంలో ఉంది. ఎండు మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కూలీలు తాలు కాయలు ఏరుతున్నారు. ఆ ఘాటుకి నాకు దగ్గు, కళ్ళ నీళ్ళు. నన్ను చూసి పద్మ గబగబా వచ్చి నీడకి తీసుకెళ్ళింది. ఏడుస్తున్నాననుకుంది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"ఊరుకో వదినా. అన్నయ్య మాకు చేసినంత సొంతోళ్ళు కూడా చెయ్యలా. ఆ పాడు బ్యాటరీ వల్ల ఆయన ఎంత నలిగిపోయాడో నాకు తెల్దా? నాన్న ఇప్పటిక్కూడా తల్చుకుంటాడు" అంది.

నేను నోరు తెరిచాను. దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ తెరిచి ఉండొచ్చు. తెరవలేదు. వచ్చేటప్పుడు పచ్చడికని మంచి కాయలు ఏరి సంచిలో పోసి ఇచ్చింది. తీసుకున్నాను. అవి దంచి, కారం చేసి, ఆ ఏడాదంతా వాడుకున్నాను కూడా.

ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలో లేదు. కోటయ్యకి వయసైపోయింది, చెవులు సరిగా వినపడవు. ఆయనకి చెప్పాలంటే గట్టిగా అరిచి చెప్పాలి. సందులో అందరికీ వినపడేలా. వెళ్తానేమో. వెళ్ళనేమో. నా సంగతి నాకు తెలుసు కనక మాటివ్వలేను.

కానీ ఒక్కటి మాత్రం ఇన్నాళ్ళకి ఎవరో ఒకరికి చెప్పాను. ఆ రోజు మా ఆయన బండిని బాగానే సిద్ధం చేశాడు. బాషా చార్జింగు నిండుగానే పెట్టాడు. వాళ్ళిద్దరి పనిలో ఏ లోపమూ లేదు.